గిటారుకి బెల్లం సున్నం

మా చెల్లెలి కూతురు షారన్ మొన్న సెలవులకి ఫ్రీమాంట్‌లో మా ఇంటికి వస్తూ వెంట కొత్త గిటారు తెచ్చుకుంది. పెట్టె మూత తీయగానే కొత్త చెక్క వాసన, వార్నిష్ వాసన, లోపల అంటించిన మఖమలు గుడ్డ వాసన కలిసి హాలంతా పరుచుకున్నాయి. వంటింట్లో చారుకి పోపు వేస్తున్నదాన్ని అక్కడే నిలబడిపోయాను. ఆవాలు మాడిపోయాయి. అదేమో సోఫాలో మఠం వేసుకుని కూచుని, పెట్టెలో వచ్చిన వారంటీ కాగితం చదువుకుంటూ తనలో తను నవ్వుకుంటోంది. "పెద్దమ్మా, దీస్ గైస్ ఆర్ సో ఫన్నీ. గిటార్‌కి ఏమైనా అయితే వాళ్ళు లైఫ్‌లాంగ్ ఫిక్స్ చేస్తారంట. కానీ గిటార్‌కి ఏమీ అవ్వకూడదంట" అంది.

అది పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. తెలుగు మాటల తోకలు తెంపేసి మాట్లాడుతుంది గానీ విషయం మాత్రం నాకన్నా సూటిగా పట్టుకుంటుంది. ఆ కాగితంలో ఏముందో నేను చదవక్కర్లేదు. ఒకప్పుడు అలాంటి కాగితాన్నే కంఠస్థం చేసినదాన్ని. ఫ్యాక్టరీలో జరిగిన తప్పయితే వాళ్ళది బాధ్యత. పొడిగాలికి చెక్క పగిలితే కాదు, ఎండకి జిగురు కరిగితే కాదు, వాడేవాళ్ళు మోటుగా వాడితే అసలే కాదు. మరి గిటారు బతికేది ఎక్కడ? గాల్లో, ఎండలో, మనుషుల చేతుల్లోనే కదా. నన్నెవరైనా వారంటీ రాయమంటే ఒకటే వాక్యం రాస్తాను, ఇది వెళ్ళే ఇల్లు ఎలాంటిదో కనుక్కున్నాకే అమ్ముతాం అని. షారన్‌కి ఈ మాట చెప్పలేదు. చెప్తే ఎందుకని అడుగుతుంది. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను, పెద్దయ్యాక చదువుకుంటుంది.

నాకు గిటారు వాయించడం వచ్చింది నరసాపురంలో మా చర్చి క్వయర్‌లో. అక్కడి గిటారు మెడ విల్లులా వంగిపోయి ఉండేది. తీగ నొక్కాలంటే వేళ్ళు కోసుకుపోయేవి. వాయించి వాయించి నా ఎడమచేతి వేళ్ళ కొసలు గట్టిపడిపోయాయి. పెళ్ళిచూపులనాడు మా పెదనాన్న ఆ చేతిని జయరాజ్ వాళ్ళకి చూపించి, మా పిల్ల పనిమంతురాలని గొప్పగా చెప్పుకున్నాడు. నాన్న లేని పిల్లలం. ఏ మాటైనా ఆయనదే. ప్రధానం రోజున పాస్టరుగారి ముందు, రెండువైపుల పెద్దల ముందు లేచి నిలబడి, "పిల్లాడికి నాదీ పూచీ" అన్నాడు. మా అమ్మ కళ్ళు తుడుచుకుంది. మా వైపు అది రివాజు. సంబంధం తెచ్చిన పెద్ద అందరి ఎదుటా ఆ మాట అంటే తప్ప ఉంగరాలు మార్చుకోరు. పెద్దల మాట చద్దిమూట అంటారు గదా, నేను ఆ మూట కట్టుకునే చాండ్లర్ వచ్చాను.

చాండ్లర్ ఎడారి ఊరు. ఉతికిన చీర బాల్కనీలో ఆరేసి లోపలికొచ్చి, మళ్ళీ వెళ్ళేసరికి అప్పడంలా ఉండేది. చపాతీలు పళ్ళెంలోకి రాకముందే పెంకులయ్యేవి. మడమలు, పెదవులు, తలుపు చెక్కలు అన్నీ పగిలేవి. ఎప్పుడో వాన పడితే ఎడారి పొదల్లోంచి ఘాటైన వాసన ఒకటి లేచేది. ఆ ఒక్క వాసన కోసం నేను కిటికీ తెరిచి కూచునేదాన్ని. జయరాజ్ చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇంజినీరు. అక్కడ గదుల్లో గాలి ఎంత శుభ్రంగా ఉంది, ఎంత తడిగా ఉంది అని చూడడమే అతని పని. కంటికి కనపడని నలుసు పడితే చిప్పు పాడైపోతుందట. తల నుంచి కాలి దాకా తెల్లటి తొడుగు వేసుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా వదులుతూ పనిచేసేవాడు. అంత జాగ్రత్తా ఫ్యాక్టరీలోనే విప్పేసి ఇంటికొచ్చేవాడు.

గిటారు అతనే కొన్నాడు, మొదటి ఏడాదిలో. ఆదివారాలు తెలుగువాళ్ళ ఇళ్ళలో ప్రార్థన కూటాలు జరిగేవి, అక్కడ భార్య వాయిస్తే తనకి పేరు. మంచి గిటారే కొన్నాడు, ఆ మాట కాదనను. ముందు చెక్క అతుకుల రకం కాదు, నిఖార్సైన దేవదారు. షాపువాళ్ళు కంపెనీ వారంటీ కాక సొంతంగా ఇంకో ప్లాన్ అంటగట్టారు. పొరపాటున పడినా, గుద్దుకున్నా రిపేరు వాళ్ళదే, కాకపోతే కొత్తది ఇస్తారు. ఆ చలికాలమే చెక్క మీద వెంట్రుకంత పగులు వచ్చింది. షాపులో రిపేర్లు చేసే డేల్ అనే భారీ మనిషి చూసి, ఇది పొడిగాలి పని, కంపెనీ ఒప్పుకోదు, గిటారుకి తేమ పెట్టుకోవాలి అన్నాడు. సబ్బుపెట్టెకి బెజ్జాలు పొడిచి, అందులో తడి స్పాంజి పెట్టి గిటారు పెట్టెలో ఉంచడం నేర్చుకున్నాను. రోజూ పొద్దున్నే స్పాంజి తడపడం, ఆ పెట్టె మూత తీసి వాసన చూడడం. ఆ ఇంట్లో నేను ఇష్టంగా చేసిన పని అదొక్కటే. "దానికి నీళ్ళు పడతావు, నా చొక్కాకి ఇస్త్రీ పెట్టవు" అనేవాడు.

మొదటి దెబ్బ ఎందుకు పడిందో గుర్తుంది. కూటంలో ఎవరో పెద్దాయన, చెల్లెమ్మ భలే వాయించిందయ్యా అని మెచ్చుకున్నాడు. జయరాజ్ కారు మామూలుగానే నడిపాడు. ఇంటి తలుపు వేశాక, మగాళ్ళ మొహాలు చూస్తూ వాయిస్తావా అని చెంప మీద కొట్టాడు. చెవిలో రెండు రోజులు ఒకటే సుతి మోగింది. ఆ తర్వాత ప్రతి కూటానికీ గిటారు తెమ్మనేది అతనే, తెచ్చి వాయిస్తే కొట్టేది అతనే. జుట్టు పట్టి గోడకేసి కొట్టేవాడు. తలుపు సందులో నా వేళ్ళు పెట్టి, మూసెయ్యనా అని అడిగేవాడు. మూసేవాడు కాదు. అలా పట్టుకుని నిలబడేవాడు. వాయించే చెయ్యి ఏదో అతనికి తెలుసు. వేసవిలో ఒకరోజు నామీద కోపంతో గిటారుని కారు డిక్కీలో పడేసి ఆఫీసుకి పోయాడు. చాండ్లర్ ఎండలో కారు డిక్కీ అంటే పొయ్యే. సాయంత్రానికి తీగలు కట్టే చెక్క జిగురు కరిగి పైకి లేచిపోయింది. షాపులో నేను పొరపాటున మర్చిపోయానన్నాను. ప్లాన్ కింద అతికించి ఇచ్చారు. నా వంటి మీది వాటికి ఆ ప్లాన్ కూడా లేదు. డిపెండెంట్ వీసా మీద వచ్చినదాన్ని. ఉద్యోగం చెయ్యకూడదు, డ్రైవింగ్ నేర్పలేదు. నోరెత్తితే, నా జాబ్ పోతే నీ స్టేటస్ కూడా పోతుంది, అర్థమైందా అనేవాడు.

పెదనాన్నకి ఫోన్ చేశాను. చెప్పినంతా విన్నాడు, మధ్యలో అడ్డం రాలేదు. చివరికి, "అమ్మాయ్, నేను పూచీ పడింది వాడి చదువుకీ ఉద్యోగానికీ. కోపతాపాలకి నేనెక్కడ పడగలను? అవి సంసారంలో వచ్చేవి" అన్నాడు. చద్దిమూట విప్పితే పాచివాసన వేసింది. సంసారంలో వచ్చింది కాదది, ఫ్యాక్టరీలో వచ్చింది. అక్కడే పోతపోసి, మెరుగు పెట్టి, విమానం ఎక్కించారు. ఆ సంగతి నాకు మా అత్తగారు వచ్చాక తెలిసింది.

దయామణిగారు, మా అత్తయ్యగారు, పాలకొల్లు నుంచి ఆరునెలలు ఉండడానికి వచ్చారు. సన్నటి మనిషి, తెల్లచీర, మెళ్ళో నల్లదారానికి చిన్న వెండి సిలువ. పొద్దున్నే బైబిలు చదువుకుని, కాఫీ తాగి, కిళ్ళీ కట్టుకునేవారు. సున్నం డబ్బీ పాలకొల్లు నుంచే తెచ్చుకున్నారు, ఆకులు ఇండియన్ స్టోర్‌లో దొరికేవి. ఆవిడ వచ్చాక ఇంటికి వాసనలు వచ్చాయి. చేపల పులుసులో మెంతుల వాసన, వక్క వాసన, తలకి రాసుకునే కొబ్బరినూనె వాసన. నాకు మా అమ్మ వచ్చినట్టే ఉండేది. కొడుకు గొంతు పెరిగిందంటే మాత్రం ఆవిడ ఒక పని చేసేవారు. స్టవ్ దగ్గరికెళ్ళి మంట తగ్గించేవారు. కూర మాడకుండా, గోడవైపు తిరిగి, గరిటె పట్టుకుని నిలబడేవారు. అరుపులు ఆగాక మంట పెంచేవారు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది, ఎద్దు పుండు కాకికి ముద్దా అనుకున్నాను. తర్వాత గమనించాను, గొంతు పెరగబోతోందనగానే ఆవిడ చెయ్యి స్టవ్ మీదికి పోయేది. ఎప్పుడు తగ్గించాలో, ఎప్పుడు పెంచాలో ఆవిడకి అంత తెలుసంటే, అది కొడుకు దగ్గర నేర్చుకున్న విద్య కాదు.

ఆ ఆదివారం కూటం మా ఇంట్లోనే జరిగింది. అందరూ వెళ్ళిపోయాక, పులిహోర గిన్నెలు సర్దుతూ నేను ఏదో కూనిరాగం తీశాను. అంతే. గిటారు సోఫాకి ఆనించి ఉంది. జయరాజ్ బూటుకాలితో దాని పొట్ట మీద తన్నాడు. ఎండిన చెక్క ఆ చప్పుడు చేస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు, పక్కటెముక విరిగినట్టుంది. తీగలన్నీ ఒక్కసారి మూలిగాయి. నేను గిటారుకి అడ్డం వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే చెప్పలేను, కొట్టేటప్పుడు ఎప్పుడూ నాకు నేను అడ్డం పెట్టుకోలేదు. నా ఎడమ మణికట్టు పట్టుకుని, తడిగుడ్డ పిండినట్టు తిప్పాడు. లోపల ఏదో కలుక్కుమంది. మోకాళ్ళ మీద పడ్డాను. పడ్డదాన్ని వీపు మీద తన్నాడు. వంటింట్లో స్టవ్ మంట తగ్గిన చప్పుడు వినిపించింది. నేలమీద పడి, నోట్లో రక్తం ఉప్పగా తగులుతుంటే, ఆ చప్పుడు మీద నాకొచ్చినంత కోపం అతని మీద కూడా రాలేదు.

అతను బయటికి పోయాక అత్తయ్యగారు వచ్చి నా పక్కన చతికిలపడ్డారు. గిన్నెలో బెల్లం చిదిపి, సున్నం కలిపి, వేలితో మర్దించి, వేడి పుట్టాక నా మణికట్టుకి పట్టువేశారు. బెణుకులకి మా వైపు అదే మందు. వెయ్యగానే చుర్రుమని, తర్వాత ఎండి బిగుసుకుంటుంది. ఎవరైనా అడిగితే బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పమన్నారు. ఆ మాట ఆవిడ వెతుక్కుని అనలేదు, నాలుక మీదే ఉంది. నేను వెళ్ళి పడుకున్నాను. పొద్దున్న లేచి చూస్తే, గిన్నెలో మిగిలిన బెల్లం సున్నం గిటారు పగుళ్ళ నిండా కూరి ఉంది. పైన గుడ్డ కట్టు కూడా కట్టారు. మచ్చలు కనపడకుండా మిగతా చెక్కంతా కొబ్బరినూనెతో తళతళలాడేలా తోమేశారు. "నీకు పనిచేసింది దానికెందుకు చెయ్యదమ్మా" అన్నారు. మర్నాటికి చీమలు పట్టాయి. బాల్కనీ తలుపు కింద నుంచి బారులు తీరి, సోఫా ఎక్కి, గిటారు బొజ్జ బొక్కలోకి దిగి, బెల్లం ముక్కలు మోసుకుపోతున్నాయి. నేను ఒంటి చేత్తో తీగ మీటితే కంగారుపడి బయటికి ఉరికాయి. నాకు నవ్వొచ్చింది. నవ్వితే వీపు నొప్పెట్టింది. అత్తయ్యగారు కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ ఇంట్లో మేమిద్దరం కలిసి నవ్వింది అప్పుడే.

జయరాజ్‌కి గిటారు కావాలి. వచ్చే నెల కూటాల వార్షికోత్సవం, భార్య వాయిస్తుందని అందరికీ చెప్పేశాడు. స్టాండ్ మీంచి పడిందని చెప్పు, ప్లాన్ ఉంది, కొత్తది ఇస్తారు అన్నాడు. బూటుకాలి దెబ్బని అంత సులువుగా పొరపాటులో కలిపేశాడు. అతను ఆఫీసుకి వెళ్ళాక, కింది ఫ్లాట్‌లో ఉండే కరీంనగర్ అమ్మాయి రజిత మమ్మల్ని కారులో తీసుకెళ్ళింది. తిరిగొచ్చేటప్పుడు ఆకులు కొనుక్కోవచ్చని అత్తయ్యగారు కూడా ఎక్కారు. రజిత నా చేతికున్న పట్టువేపు చూసి, "అక్కా, నువ్వు చెప్పకున్నా నాకు తెలుస్తది. మా బెడ్రూం మీదనే మీ హాల్ ఉంది" అంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. వెనక సీట్లో అత్తయ్యగారు కిళ్ళీ నమలడం ఆపేశారు.

షాపులో డేల్ గుడ్డ కట్టు విప్పి, వేలితో బెల్లాన్ని గీరి, వాసన చూసి, ఇదేమిటని అడిగాడు. మందు అన్నాను. అతను తల గోక్కున్నాడు. నూనె పీల్చిన చెక్కకి ఇక జిగురు పట్టదట, పగులు దగ్గరకి తెచ్చి అతికించే దారి మూసుకుపోయిందట. ప్లాన్ ఉంది కాబట్టి కొత్తది ఇవ్వొచ్చు, కాకపోతే ఎలా దెబ్బ తగిలిందో రాసుకోవాలి అన్నాడు. నేను దారి పొడుగునా వల్లించుకున్న మాట చెప్పాను. స్టాండ్ మీంచి పడింది. ఏ నేల మీద పడింది, టైల్సా, కార్పెట్టా అని అడిగాడు. టైల్స్ అన్నాను. ఎటు పక్కకి పడిందన్నాడు. ఆ జవాబు నేను వల్లించుకోలేదు. అప్పుడు అత్తయ్యగారు ముందుకొచ్చి, కౌంటర్ మీద చెయ్యి ఆనించి, ఆవిడకి వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో, "నో ఫాల్. మై సన్. లెగ్" అన్నారు. అతనికి అర్థం కాలేదేమోనని, చెప్పులకాలు ఎత్తి గాల్లో తన్ని చూపించారు. తర్వాత నా చెయ్యి పట్టుకుని కౌంటర్ మీద గిటారు పక్కన పెట్టారు. "దిస్ ఆల్సో. మై సన్."

డేల్ నా మొహం చూడలేదు. కావాలని చేసినదానికి ప్లాన్ వర్తించదు, సారీ అన్నాడు. చవకలో వేరే గిటార్లున్నాయి చూస్తారా అన్నాడు. మేం పగిలిన గిటారు పట్టుకుని బయటికొచ్చేశాం. కారులో కూచున్నాక నేను అడిగేశాను, ఇన్నాళ్ళూ మంట తగ్గించి నిలబడ్డవాళ్ళు ఇవాళ ఇక్కడ, ముక్కూ మొహం తెలియని వాడి ముందు ఎందుకు చెప్పారని. నా గొంతు కటువుగానే ఉంది. "మీ మావగారు విసిరిన గిన్నెలన్నిటికీ నేను మాట్లు వేయించాను. మాటు వేసేవాడు అడిగినప్పుడల్లా పిల్లి పడేసిందని చెప్పేదాన్ని. మా ఇంట్లో పిల్లే లేదమ్మా" అన్నారు. తర్వాత, "నువ్వు టైల్సంటుంటే అది నా గొంతులా వినపడింది" అన్నారు. రజిత కారు రోడ్డు పక్కన ఆపి, స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చింది. నా దగ్గరికొచ్చెయ్యక్కా, మా ఆయనకు నేను చెప్పుకుంటా అంది. అత్తయ్యగారు కూడా వెళ్ళమనే అన్నారు, కొడుకుని తను చూసుకుంటానని. నేను బట్టలు తెచ్చుకుని వస్తానన్నాను.

బట్టలు సర్దుతుంటే అతను వచ్చేశాడు. ఎండ ఇంకా బాల్కనీలోనే ఉంది. కొత్త గిటారు ఏదని అడిగాడు. అత్తయ్యగారు పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఇవ్వలేదురా, నువ్వు తన్నావని నేనే చెప్పాను అన్నారు. నేను పడగ్గది గుమ్మంలో సంచీ పట్టుకుని ఉన్నాను. అతను ముందు నవ్వాడు. తర్వాత తల్లిని రెండు భుజాలూ పట్టుకుని వెనక్కి తోశాడు. ఆవిడ తల వంటగట్టు రాతి అంచుకి కొట్టుకుని, మనిషి కిందికి జారింది. తెల్లచీర మీద రక్తం ధారగా దిగింది. పరువు తీశావే ముసలిదానా అంటూ, కింద పడ్డ తల్లి నడుము మీద కాలితో తన్నాడు, గిటారుని తన్నినట్టే, అదే బూటుతో. ఆవిడ అరవలేదు. రెండు చేతులూ తలమీద కప్పుకుని ముడుచుకున్నారు, ఎన్నోసార్లు అలవాటైన మనిషిలా. నేను పచ్చడిబండ తీసుకుని అతని వీపు మీద కొట్టాను. కొట్టాననే రాస్తున్నాను. అతను తూలి సోఫా మీద పడ్డప్పుడు ఫోన్ లాక్కుని బాత్‌రూమ్‌లో గడియ పెట్టుకుని, మూడేళ్ళుగా వేళ్ళ కొసన ఉన్న, పోలీసుల్ని పిలిచే ఆ మూడు అంకెలు నొక్కాను. తలుపు మీద అతను పిడికిళ్ళతో బాదుతున్నాడు. నా కోసం ఒక్కసారీ నొక్కనిది ఆవిడ కోసం నొక్కాను.

తర్వాత సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. రజిత ఇంట్లో కొన్నాళ్ళు, ఆడవాళ్ళ ఆశ్రయంలో కొన్నాళ్ళు ఉన్నాను. నాలాంటి వాళ్ళకి చట్టంలో దారి ఉందని అక్కడి లాయరమ్మ చెప్పాకే తెలిసింది. అతను చెప్పిన స్టేటస్ కథ సగం అబద్ధం. అత్తయ్యగారు పాలకొల్లు వెళ్ళిపోయి, చనిపోయేదాకా నాతో మాట్లాడలేదు. నేను మళ్ళీ గిటారు కొనలేదు. మణికట్టు అటు తిరగదు. ఈనాటి పిల్లలు చెక్క కాని గిటార్లు కూడా కొంటున్నారట, వాటికి ఎండా లేదు, పొడిగాలీ లేదు. షారన్ తనది మా హాల్లో నేలమీదే పడేసి నిద్రపోతుంది. దాన్ని ఎవరూ తన్నరన్న ధీమా ఆ పిల్లకి ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తుంటే నాకు సంతోషంగానూ ఉంటుంది, కళ్ళు మండుతాయి కూడా. ఆ ధీమాకి ఎవరూ లేచి నిలబడి పూచీ పడలేదు. దాని అమ్మా నాన్నా ఇంట్లో గొంతు పెంచరు, అంతే.

నేను ఫోన్ చేసిన ఆ సాయంత్రం పోలీసులు అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేసి, కింద కారులో కూచోబెట్టారు. అంబులెన్సు వాళ్ళు అత్తయ్యగారి తలకి కట్టు కడుతున్నారు. చిన్న వయసు ఆఫీసరమ్మ ఒకామె మోకాళ్ళ మీద కూచుని, ఏం జరిగిందో ఈవిడని అడిగి చెప్పు అంది నాతో. అడిగాను. అత్తయ్యగారు నా మంచి చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. "బాత్‌రూమ్‌లో కాలు జారి పడ్డానని చెప్పమ్మా. నా మాట విను. వాడి బతుకు పోతుంది" అన్నారు. నేను ఆఫీసరమ్మ వైపు తిరిగి, కొడుకు తోశాడనీ, పడ్డాక తన్నాడనీ, ఇది మొదటిసారి కాదనీ చెబుతోంది అన్నాను. ఆవిడ చెప్పింది అది కాదు. జరిగింది అది. దానికి నేను ఏనాడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను. ఆఫీసరమ్మ రాసుకుని లేస్తూ, ఇంకేమైనా చెప్పాలనుకుంటోందేమో అడగమంది. అత్తయ్యగారు బాల్కనీ వైపు, కింద కారు ఉన్న వైపు చూస్తున్నారు. "పొద్దుట్నుంచీ ఏమీ తినలేదు వాడు. కాస్త అన్నం తిన్నాక తీసుకెళ్ళమను" అన్నారు.

"ఇంకేమీ లేదంటోంది" అని చెప్పాను.